మైలేజీ తగ్గిన బండి

ముందుగా ఒక మాట. నేను పెద్దయ్యాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే మన్నించండి. లోడు బండి ఎత్తు ఎక్కినట్టు మెల్లగా రాస్తాను, తొందరపెట్టకండి.

మా ఊరి లారీ షెడ్డులో ఒక డ్రైవరుకి అందరూ పెట్టిన పేరు నిదానం. వెక్కిరించాలన్నా అదే పేరు, మెచ్చుకోవాలన్నా అదే. తోటివాళ్ళు చేరుకుని, స్నానం చేసి, కునుకు తీసి లేచేసరికి అతని బండి వచ్చేది. కానీ అదే దారికి, అదే బరువుకి, అందరికన్నా తక్కువ డీజిల్ తాగేది అతని బండే. కిటుకేమిటని అడిగితే, "కాలి కింద పిల్లి పడుకుందనుకో. దాన్ని లేపకుండా తొక్కు" అనేవాడు. దూరాన ఎర్ర దీపం కనబడితే ఇక్కడే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసేవాడు. పల్లంలో బండిని న్యూట్రల్‌లో వదిలేసేవాడు కాదు, గేరులోనే దింపేవాడు. లోడు మీద కప్పిన టార్పాలిన్ చెంగు గాలికి కొట్టుకుంటుంటే దారిలోనే ఆపి బిగించి కట్టేవాడు. "చెంగు గాలిని పడుతుంది, గాలి బండిని పడుతుంది, బండి డీజిల్ తాగుతుంది" అని లెక్క చెప్పేవాడు.

పక్క సీట్లో భార్య ఉండేది. వాళ్ళకి పిల్లలు లేరు. "ఇంట్లో గోడలతో మాట్లాడేకన్నా నీ గొణుగుడు వినడం నయం" అంటూ ఒకసారి బండెక్కిన మనిషి మళ్ళీ ఇంటిపట్టున ఉన్నది తక్కువ. ఇద్దరూ పని పంచుకున్నారు. బండి ఆగగానే అతను దిగి ఇనప కడ్డీతో టైర్లన్నీ తట్టి చూసేవాడు. ఆమె పైనే ఉండేది. టర్బో బండి పరుగెత్తి వచ్చాక ఇంజను వెంటనే ఆపకూడదు, కాసేపు చల్లబడనివ్వాలి. చల్లబడిందని చప్పుడును బట్టే తెలుసుకుని, తన సీట్లోంచి వంగి తాళం తిప్పేది. తర్వాత చెప్పులు ముందు కింద పడేసి, వాటి మీదికి దిగేది.

"తోలడం నీ పని, ఆపడం నా పని" అనేది.

వానలు మొదలైనప్పుడు ఆమెకి జ్వరం వచ్చింది. నాలుగు రోజుల్లో మనిషి పోయింది.

అతను ఏడవలేదు. మళ్ళీ బండెక్కాడు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మొగుడు పోయి తమ్ముడి పంచన చేరిన అక్క ఒకరోజు, "కూరలో ఉప్పు సరిపోయిందా?" అంటే "ఊ" అన్నాడు. ఆ రోజు ఆవిడ కూరలో ఉప్పే వెయ్యలేదు.

అప్పటినుంచే బండి డీజిల్ తాగడం మొదలుపెట్టింది. మేనేజరు పిలిపించాడు.

"ఏం నిదానం, నీ బండికి ముసలితనంలో దాహం పట్టుకుందే?"

"తెలీదు సార్."

"బండి బాగానే ఉందంటాడు మేస్త్రి. నీ తోలుడు మారలేదంటావు నువ్వు. మరి డీజిల్ ఆవిరైపోతోందా? దారిలో అమ్ముకుంటున్నాడని షెడ్డంతా కోడై కూస్తోంది."

అతను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. అది పోయిన నెలది.

"ఈ ఒక్క ట్రిప్పూ చూస్తాను. ఇలాగే ఉంటే బండి వేరేవాడికి ఇస్తా. నువ్వు ఇక్కడ బళ్ళు కడుగుదువు గాని."

దొంగ అన్నా అతనికి చీమ కుట్టినట్టు కాలేదు. బండి పోతుందన్న మాట మాత్రం, తిమ్మిరెక్కిన కాలిలో సూది గుచ్చినట్టు, ఎక్కడో దూరంగా తగిలింది. పక్క సీటు ఆ బండిలోనే ఉంది మరి.

మెకానిక్కు మేస్త్రి నిదానం భార్యను అక్కా అనీ, నిదానాన్ని బావా అనీ పిలిచేవాడు. పక్కనే ఉన్న మేస్త్రి మేనేజరు ముందే నవ్వాడు. "అమ్ముకునే మొహమా సార్ అది? మా బావకి అబద్ధమాడాలంటే అరపూట పడుతుంది. ఈసారి నేనూ వెళ్తా."

అప్పటికే ఫిల్టర్లు మార్చాడు, బ్రేకులు పట్టేశాయేమో చూశాడు, పైపులన్నీ తడిమాడు. ఇక చూడాల్సింది మనిషినే.

పక్క సీటు ఎక్కబోతుంటే నిదానం అన్నాడు: "వెనక బల్ల మీద కూర్చోరా."

మేస్త్రి సీట్ల వెనక బల్ల మీద కూర్చుని పొద్దున్నంతా అతని కాలినే చూశాడు. పిల్లి లేవలేదు. గేర్లు ఎప్పటిలాగే పడుతున్నాయి. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటలు దగ్గర ఆగారు. నిదానం దిగి, టైర్లు తట్టి, లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. ఇంజను తిరుగుతూనే ఉంది. చల్లబడనిస్తున్నాడనుకున్నాడు మేస్త్రి. భోజనం వచ్చింది, సగం అయింది. బయట ఇంజను అలాగే గుడగుడమంటోంది.

"బావా, బండి ఆపలేదేం?"

"మీ అక్క ఆపుతుందిలే" అన్నాడు నిదానం, తల ఎత్తకుండానే.

ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆగిపోయింది.

మేస్త్రి నీళ్ళ గ్లాసు అతని ముందుకి జరిపాడు. "ఆగిన ప్రతిచోటా ఇంతేనా బావా?"

"ఏమోరా. తిరిగొచ్చి ఎక్కేసరికి నడుస్తూనే ఉండేది. నేను... చూసుకోలేదు."

షెడ్డు గేటు దగ్గర బండి అందుకుని, లోపలికి తీసుకెళ్ళి ఆపేది మేస్త్రే. దారిలో చూసినవాళ్ళు ఏసీ కోసం ఇంజను ఆపకుండా ఉంచాడనుకున్నారు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

"నేను ఆపేసొస్తా, నువ్వు తిను."

"నువ్వు కూర్చో."

నిదానం చెయ్యి కడుక్కుని వెళ్ళాడు. తన వైపు తలుపు తీసి ఎక్కి, తాళం మీద చెయ్యి పెట్టాడు. అలాగే ఉన్నాడు. తిప్పలేదు. మళ్ళీ దిగి, బండి ముందునుంచి చుట్టు తిరిగి వెళ్ళి అవతలి వైపు ఎక్కాడు. ఆమె కూర్చుని కూర్చుని గుంట పడిన సీట్లో కూర్చున్నాడు. చప్పుడు వింటూ కొంచెంసేపు ఉండి, అక్కణ్ణించి వంగి తాళం తిప్పాడు.

ఇంజను ఒకసారి ఒణికి ఆగింది. హోటల్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు అప్పుడు వినబడింది మేస్త్రికి.

చాలాసేపటికి పక్క సీటు తలుపులోంచి అతని చెప్పులు కింద పడ్డాయి.

ఆ ట్రిప్పులో మైలేజీ మళ్ళీ పాత లెక్కకి వచ్చింది. మేస్త్రి సంగతి చెబితే మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "సరే, బండి అతనికే ఉంచండి" అని ఇంకో పని చూసుకున్నాడు. ఇప్పటికీ నిదానం ఇంజను ఆపాలంటే చుట్టు తిరిగి అవతలి తలుపు నుంచే ఎక్కుతాడు. కుర్రడ్రైవర్లు, "ఏం గురూ, బండికి ప్రదక్షిణా?" అని నవ్వుతారు. నవ్వుకోనిస్తాడు.

ఇంటికి వచ్చిన రోజు అక్క అన్నం పెట్టింది. "ఉప్పు సరిపోయిందా?" అని అలవాటుగా అడిగింది.

కాస్త ఆలోచించి, "తక్కువైందక్కా" అన్నాడు.

రాసినది నిదానం వాళ్ళ అక్క. వయసు అరవై నాలుగు. ఇప్పుడు ఉండేది తమ్ముడింట్లో, వీధి వైపు గదిలో. బండి వస్తే ముందు వినబడేది నాకే.