శ్రీదేవి కడుపు, సుచిత్ర ఎలుకలు

"ఎలుకల బోను పెట్టనీకపోతే ఇంక మగ్గం మీద పట్టనేదే మిగలదు మా!" అభిషేక్ అరిచాడు.

"తెగితే అతుక్కుందాం లేరా. కడుపుతో ఉండే మనిషి ఇంట్లో ఉంటే జీవాన్ని చంపగూడదు. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?" అంది తల్లి నారాయణమ్మ.

అనపకాయలు వలుస్తున్న అతని భార్య శ్రీదేవికి నవ్వొచ్చింది. ఆమెకు ఐదో నెల. ఆమె పేరు చెప్పి ఇంట్లో కోడిని కోయడం మానేశారు, బొద్దింకల జోలికి పోవడం మానేశారు. ధర్మవరంలో ఉన్న ఎలుకలన్నిటికీ ఆ కబురు అందినట్టే ఉంది.

అత్త చూపు సుచిత్ర మీదికి తిరగ్గానే ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

"నువ్వు గూడా పోవద్దు. కాన్పయ్యేదాకా ఈడే ఉండు. ఈడ బోను వద్దని, ఆడ చూలు ఎలుకల్ని కోస్తే పాపం మీ వదినకు తగలదా?"

ఆడబిడ్డ సుచిత్ర బెంగళూరులో పరిశోధన చేస్తోంది. సోమవారానికి అక్కడ లేకపోతే ఎలుకల కడుపులో పిల్లలకు పరీక్షించాల్సిన వయసు దాటిపోతుంది. ఏడాది కష్టం మట్టిపాలు. పాపం, ఏడుపు ముఖం పెట్టుకుని కూర్చుంది.

"ఇంతకీ ఆ పిల్లల్లో ఏం చూస్తారు సుచిత్రా?" అడిగింది శ్రీదేవి.

"విత్తనాలు వదినా. ఆడపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే దానికి జీవితమంతా కావాల్సిన అండాలు మొదలైపోతాయి. మనకూ అంతే, ఎలుకకూ అంతే. మగపిల్లోనివి మాత్రం పుట్టేదాకా పనీపాటా లేకుండా పండుకోనుంటాయి."

"మావానికి పుట్టినాక గూడా వదల్లేదు ఆ గుణం," అంది నారాయణమ్మ.

"మా!" అన్నాడు అభిషేక్.

సుచిత్ర కూడా నవ్వేసింది. "ఆడపిల్లవి పుట్టకముందే చానా రాలిపోతాయి. కొందరికి మరీ ఎక్కువ. ఎందుకో ఎవురికీ సరిగ్గా తెలీదు. దాన్నే చూస్తాండాం."

శ్రీదేవి చేతులు కాయల మీదే ఆగిపోయాయి. కొత్తచెరువులో ఉన్న అక్క సంగీతకు ముప్పై దాటకుండానే అండాలు అయిపోయాయన్నారు డాక్టర్లు. ఏ జన్మలో ఏం చేశానో అని అక్క తనను తానే తిట్టుకునేది. తన నీడ తగలకూడదని చెల్లెలి కడుపు చూడ్డానికి కూడా రాలేదు.

"అట్లయితే, మా అక్క చేసిన తప్పేం లేదన్నమాట?"

"పుట్టకముందు జరిగిందానికి ఆమె ఏం చేస్తాది వదినా!"

మధ్యాహ్నం మామ ధనుంజయ మగ్గం దిగొచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. అందరూ తినడానికి కూర్చున్నారు. శ్రీదేవి ఒక్కొక్కరికీ సంగటి పెడుతూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"కాన్పయ్యేదాకా ఇంట్లో బోను వద్దు, అత్త మాటే మాట. సుచిత్ర మాత్రం సోమవారం బెంగళూరికి పోతాది. కడుపు నాది అత్తా. నాకు సమ్మతమే."