ఇరవై మూడుసార్లు దొరికిన గడియారం

నేను ఒక చేతి గడియారాన్ని. నడవను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. టైము చెప్పలేనిది కథ చెబుతానంటోందేమిటని ముఖం చిట్లించకండి. చిలకలూరిపేటలోని సుగుణ సౌధం ఇంగ్లీషు మీడియం స్కూల్లో నా అంతగా నిజాయితీ నేర్పినవాళ్లు ఇంకొకరు లేరు. నమ్మకపోతే ఆ స్కూలు రిజిస్టరు తెరిచి చూసుకోండి.

ఒక పెద్ద కర్మాగారంలో తెల్లకోట్లు వేసుకున్న అమ్మాయిలు కంటికి భూతద్దాలు తగిలించుకుని నన్ను బిగించారు. గుండ్రటి తెల్ల ముఖం, నల్ల తోలు పట్టీ. నన్ను మొదట కొన్నది ఒక బస్సు డ్రైవరు. నన్ను పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకుని, అయినా పావుగంట ఆలస్యంగానే బండి తీసేవాడు. ప్రయాణికులు కసురుకుంటే నన్ను చూపించి "దీని రోగం ఇంతే" అనేవాడు. ఆయన దగ్గర్నుంచి ఒక ట్యూషన్ మాస్టారి చేతికి వచ్చాను. ఆయన పాఠం చెబుతూ నిమిషానికోసారి నన్ను చూసుకుంటుంటే నా అందానికే అనుకుని మురిసిపోయాను. గంట ఎప్పుడు తీరుతుందా అన్న ఆత్రమని తెలిశాక ఆ మురిపెం తగ్గింది. ఒకనాడు ఆయన నన్ను విప్పడం మరచిపోయి మోచేతి దాకా చెయ్యి నీళ్ల బకెట్లో ముంచాడు. అంతటితో నా ముళ్లు ఆగిపోయాయి. "బాగుచేయిస్తే భేషుగ్గా నడుస్తుంది" అని చెప్పి, ఆ బాగుచేయించడమేదో తాను చేయకుండా, నన్ను మేనకోడలికి పుట్టినరోజు కానుకగా ఇచ్చేశాడు.

ఆ మేనకోడలి పేరు ఉజ్వల. ఏడో తరగతి, బి సెక్షను. మార్కుల్లో మధ్యరకం, ఉపాయాల్లో మాత్రం క్లాసు మొత్తానికీ పెద్దదిక్కు. ఆ పిల్ల చేతి మీద కూర్చుని నేను మొదటిసారి సుగుణ సౌధంలో అడుగుపెట్టాను.

అబ్బో, ఆ గోడలు చూడాలి మీరు. మెట్లెక్కుతుంటే 'సత్యమే పలుకవలెను'. మెట్లు దిగుతుంటే 'పరుల వస్తువు పాముతో సమానము'. గేటు మీద రెండడుగుల అక్షరాలతో 'నమ్మకమే మా పునాది'. వారానికి రెండు నీతి పాఠాలు, వాటికి పరీక్ష, ఆ పరీక్షలో కాపీ కొట్టకుండా ఇద్దరు కాపలా. ప్రిన్సిపాల్ వసుంధరాదేవి గారు చెడ్డమనిషి కాదు. మంచి మాటను గోడ మీద రాయిస్తే సగం పని అయిపోయినట్టేనని నమ్మే మనిషి, అంతే.

ఆవిడే 'నిజాయితీ నక్షత్రం' పెట్టారు. ఎవరికైనా ఏదైనా వస్తువు దొరికితే తెచ్చి ఆఫీసులో ఇవ్వాలి. గుమాస్తా పానకాలు గారు పేరు, వస్తువు, దొరికిన చోటు రిజిస్టరులో రాస్తారు. సోమవారం ప్రార్థన దగ్గర ఆ పిల్లకో పిల్లవాడికో చొక్కాకు రేకు నక్షత్రం గుచ్చుతారు. ఏడాది చివర ఎక్కువ నక్షత్రాలున్న తరగతికి 'గుణవంతుల తరగతి' అని పెద్ద షీల్డు. మొదటి వారం రబ్బర్లు, పెన్సిళ్లు, ఒక ఎడమకాలి చెప్పు కూడా వచ్చాయి. రెండో వారం నుంచి ఏమీ రాలేదు. పిల్లలంతా నక్షత్రాల కోసం కళ్లు పెద్దవి చేసుకుని తిరుగుతూ, ఎవరి వస్తువులు వాళ్లు గట్టిగా పట్టుకున్నారు. పోగొట్టుకునేవాళ్లు లేకపోతే పాపం దొరికించుకునేవాళ్లు ఏమైపోవాలి?

ఉజ్వల నన్ను విప్పి బల్ల మీద పెట్టింది. "ఇదెటూ నడవదు. మా ఇంట్లో దీని సంగతి ఎవరూ అడగరు. రోజూ నేను పోగొడతా, రోజుకొకళ్లు దొరికించుకోండి" అంది.

బి సెక్షను మొత్తం ఆ పిల్ల వైపు భక్తిగా చూసింది.

సోషల్ నోట్సు చివరి పేజీలో వంతుల జాబితా రాసుకున్నారు. సాయంత్రం చివరి గంటకు ముందు ఉజ్వల నన్ను చేతులు కడుక్కునే కుళాయిల కింద గట్టు మీద పెట్టేది. ఆ రోజు వంతు ఎవరిదో వాళ్లు వచ్చి, నన్ను చూసి ఉలిక్కిపడి, గుండెల మీద చెయ్యేసుకుని ఆఫీసుకు పరుగెత్తేవాళ్లు. మర్నాడు పొద్దున్నే ఉజ్వల వెళ్లి కళ్లనీళ్లు పెట్టుకుని నన్ను విడిపించుకునేది. వంతు తప్పినవాడు వారం పాటు తన టిఫిన్లో సగం ఇవ్వాలని కట్టుబాటు. ఆ స్కూల్లో ఇంత క్రమశిక్షణగా నడిచిన వ్యవహారం మరొకటి నేను చూడలేదు.

పానకాలు గారికి అనుమానం రాలేదా అంటే, వచ్చింది. ఏడోసారి నన్ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. కళ్లజోడు పైకి తోసుకున్నారు. నక్షత్రాలు పెరగాలని మేడమ్ గారు చెప్పారు, పెరుగుతున్నాయి. పెరిగే మొక్కను ఎవరైనా పీకుతారా? గుటక మింగి, 'చేతి గడియారం, నల్ల పట్టీ, కుళాయిల దగ్గర' అని రాసుకున్నారు. అలా ఇరవై మూడుసార్లు రాశారు.

ఇరవై నాలుగో వంతు ధీరజ్ అనే పిల్లవాడిది. అది శనివారం, ఒంటిపూట బడి. వాడికి కబడ్డీ పోటీ ఉంది. గంట కొట్టగానే వాడు నన్నూ నిజాయితీనీ మరచిపోయి గ్రౌండుకు పరుగెత్తాడు. ఉజ్వల వ్యాను వెళ్లిపోయింది. నేను గట్టు మీద ఉండిపోయాను. పుట్టి బుద్ధెరిగాక నేను నిజంగా పోవడం అదే మొదలు.

నన్ను చూసింది దానమ్మ. పదకొండేళ్లుగా ఆ స్కూలు ఊడుస్తున్న ఆయమ్మ. చిన్న క్లాసుల పిల్లలు కక్కుకుంటే కడిగేది ఆవిడే, పడి మోకాలు చీరుకుంటే ఊదేది ఆవిడే. నక్షత్రాల పథకం పిల్లలకే గాని ఆయాలకు లేదు కాబట్టి, ఆవిడ ఉలిక్కిపడలేదు, గుండెల మీద చెయ్యేసుకోలేదు. కొంగుతో నా తడి తుడిచి ఆఫీసుకు నడిచింది. తాళం. పానకాలు గారు ఒంటిపూట కదా అని ఇంటికెళ్లిపోయారు. నన్ను సంచిలో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుంది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. 'నమ్మకమే మా పునాది' అన్న ఆ గేటు కిందే, రోజూ ఇంటికెళ్లేటప్పుడు నలుగురు ఆయాలూ సంచులు విప్పి చూపించాలి. టీచర్లు చూపించక్కర్లేదు. వాచ్‌మన్ సుభాని చెయ్యి పెట్టి చూసేవాడు. ఆ రోజు చేతికి నేను తగిలాను. ఆయన చాలాసేపు దానమ్మ ముఖం చూశాడు, ఉద్యోగం గుర్తొచ్చి మేడమ్ గారి గదికి కబురు పెట్టాడు. ఆవిడ గేటు దగ్గరికి వచ్చారు.

"ఆపీసు తాళమేసుందమ్మా. సోమారం పానకాలుగారికి ఇద్దామని ఎట్టుకున్నా" అంది దానమ్మ.

"నా గది తెరిచే ఉందిగా?"

"మీ గదిలోకి మమ్మల్ని రావద్దన్నారు గదమ్మా."

మేడమ్ గారు ఒక్క క్షణం తడబడ్డారు. ఆ ఒక్క క్షణంలోనే ఈ కథ అయిపోవాల్సింది. కాని సోమవారం విలువల విద్యకు అవార్డు ఇచ్చే పెద్దమనిషి వస్తున్నాడు, ఆ కంగారులో ఆవిడకు నిజం కంటే గేటు రూలు సులువుగా కనిపించింది. "సోమవారం నుంచి పనిలోకి రావద్దు" అన్నారు. నన్ను తీసుకెళ్లి తన బల్ల సొరుగులో వేశారు.

సోమవారం పొద్దున ఉజ్వలను గదికి పిలిచి, నన్ను బల్ల మీద పెట్టి, "నీ గడియారం దొంగ దొరికింది. స్టేజీ మీద ఇస్తాను, నిజాయితీ గురించి నాలుగు మాటలు మాట్లాడు" అన్నారు. గుమ్మం బయట దానమ్మ నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

"పాపా, నేను తియ్యలేదని నువ్వన్నా చెప్పమ్మా. ఈ పనొక్కటే నాకుంది" అంది.

ఉజ్వల నేల చూపులు చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చొక్కా మీద, మొదటి వారం రబ్బరుకు వచ్చిన నక్షత్రాన్ని చేత్తో కప్పుకుంది. దానమ్మ వెనుదిరిగి గేటు బయటికి వెళ్లి కూర్చుంది. ఆ పిల్లంటే నాకు ప్రాణం, అయినా చెబుతున్నాను, అప్పుడు నాకు కోపమొచ్చింది.

స్టేజీ మీద ఆ అవార్డు పెద్దమనిషి, ముఖ్య అతిథి సూర్యప్రకాశం గారు, రిటైర్డు లెక్చరరు, శాలువాతో కూర్చున్నారు. మేడమ్ గారు నన్ను ఉజ్వల చేతిలో పెట్టి మైకు ముందుకు తోశారు. ఆ పిల్ల అరచెయ్యి చెమటతో జారిపోతోంది. టీచరు రాసిచ్చిన కాగితం మడత విప్పింది. మళ్లీ మడిచింది.

"ఈ గడియారాన్ని దానమ్మ ఆయా తియ్యలేదండి. నేనే పోగొట్టాను. ఇప్పటికి ఇరవై నాలుగుసార్లు పోగొట్టాను. నక్షత్రాల కోసం మేమే వంతులేసుకుని దొరికించుకున్నాం. నిజంగా దొరికింది దానమ్మ ఆయాకొక్కదానికే."

మేడమ్ గారి ముఖం సున్నం కొట్టినట్టయింది. బి సెక్షను వరుసలోంచి ఒక సన్నటి గొంతు, "నాకు రెండుసార్లే దొరికింది మేడమ్" అంది.

సూర్యప్రకాశం గారు చప్పట్లు కొట్టారు. "అద్భుతం. నీతి బోధకు నాటిక ఎంచుకోవడం చాలా బాగుంది. పాప ఎంత సహజంగా నటించిందండీ, కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి."

మేడమ్ గారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వారు. చప్పట్లు మొదలుపెట్టారు. పిల్లలూ కొట్టారు, పానకాలు గారు అందరికంటే గట్టిగా కొట్టారు. నిజం చెబితే శిక్ష పడుతుందని భయపడ్డ పిల్లకు మెప్పు దొరికింది. చప్పట్లు అందుకుని కిందికి దిగిపోతే చాలు, నక్షత్రమూ షీల్డూ దానివే. గేటు బయట దానమ్మ మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఉజ్వల దిగలేదు. మైకు వదలలేదు. "నాటకం కాదండి. ఇన్నాళ్లూ ఆడిందే నాటకం. దానమ్మ ఆయా గేటు దగ్గర కూర్చునుంది, పిలిచి అడగండి. పానకాలు సార్ రిజిస్టరు చూడండి" అంది.

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సూర్యప్రకాశం గారు రిజిస్టరు తెప్పించుకుని పేజీలు తిప్పారు. నల్ల పట్టీ, నల్ల పట్టీ, నల్ల పట్టీ. పానకాలు గారు తన బూట్ల వైపు చూసుకున్నారు. దానమ్మను పిలిపించారు. చెప్పులు స్టేజీ కింద విడిచి వచ్చి నిలబడింది.

మేడమ్ గారు మైకు తీసుకున్నారు. చెడ్డమనిషి కాదని చెప్పానుగా. "పొరపాటు నాది దానమ్మా. పనిలోకి రా" అని, తన చేత్తోనే ఒక నక్షత్రం తీసి ఆవిడ చీరకు గుచ్చబోయారు.

దానమ్మ అర అడుగు వెనక్కి జరిగింది. "ఇది పిల్లలకివ్వండమ్మా, ఆడుకుంటారు. గేటు కాడ నా చేత సంచి విప్పించకండి. మా నలుగురి చేతా."

మేడమ్ గారు తలూపారు.

బి సెక్షను నక్షత్రాలన్నీ వెనక్కి తీసుకున్నారు. ఉజ్వలకు వారం రోజులు కుళాయిల గట్టు కడిగే శిక్ష వేశారు, దానమ్మ పక్కన నిలబడి నేర్పింది. ఏడాది చివర షీల్డు ఆరో తరగతి ఏ సెక్షనుకు వెళ్లింది. వాళ్ల దగ్గరో గొడుగుంది, దాని కథ నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

నన్ను ఉజ్వల ఇక వద్దంది. మేడమ్ గారు ఆ సోమవారమే నన్ను తన గదిలో అద్దాల బీరువాలో పెట్టి, 'నిజాయితీకి నిదర్శనం' అని చీటీ అతికించి, ఎవరూ ఎత్తుకుపోకుండా తాళం వేసుకున్నారు. బీరువా కిటికీ పక్కనే ఉంది, గేటు బాగా కనిపిస్తుంది.

ఆ సాయంత్రం పని ముగించుకుని నలుగురు ఆయాలూ వచ్చారు. సుభాని స్టూలు మీద కూర్చునే ఉన్నాడు, చెయ్యి చాపలేదు. ముగ్గురు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. దానమ్మ మాత్రం పదకొండేళ్ల అలవాటు కొద్దీ ఆయన ముందు ఆగి, సంచి మూతి విప్పి పట్టుకుంది. ఆయన తల అటు తిప్పుకున్నాడు.

"కట్టేసుకో దానమ్మా, ఎల్లు" అన్నాడు.

ఆవిడ ఇంకాసేపు అలాగే నిలబడింది. తర్వాత సంచి మూతి బిగించి కట్టి, భుజానికి తగిలించుకుని, గేటు దాటి వెళ్లిపోయింది.