నాలుగు ఇసుక సంచులు

“ఇంట్లో బరువులు సాల్లేదేటే నీకు? ఈదిలోకి కూడా మోసుకెల్తున్నావు!”

వరండాలో కూర్చుని ఇసుక సంచిని బ్యాగులో సర్దుతుంటే మా ఆయన కిరణ్‌కుమార్ అన్న మాట ఇది. చేతిలో టీ గ్లాసు, మొహంలో నవ్వు. ఆ టీ పెట్టింది నేను, ఆ గ్లాసు కడగబోయేదీ నేనే. బ్యాగు అడుగున పాత దుప్పటి మడిచి పెట్టి, దాని మీద సంచిని నా భుజాల మధ్యకి వచ్చేంత ఎత్తులో కూర్చోబెట్టాను. బరువు కిందికి జారితే నడుం లాగేస్తుందని ఫిజియోథెరపీ చేసే ఏంజలిన్ మరీ మరీ చెప్పింది. మొదటిరోజు నాకు తెలియక రెండు నీళ్ల సీసాలు అడుగున పడేసి నడిచాను. వెనక్కి ఎవరో పట్టి లాగుతున్నట్టే ఉండింది.

నాకు నలభై తొమ్మిదేళ్లు. ఆర్నెల్ల క్రితం మా రైల్వే క్వార్టర్ మెట్టు దగ్గర కాలు మడతపడి చెయ్యి ఆనిస్తే, అంతమాత్రానికే మణికట్టు విరిగింది. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, “మీ ఎముకలు పలచబడుతున్నాయి. మందులు వాడండి, వీపు మీద కొంచెం బరువు వేసుకుని రోజూ నడవండి. బరువు తగిలితేనే ఎముక గట్టిపడుతుంది” అంది. నాకు నవ్వొచ్చింది. అదే నిజమైతే ఈపాటికి నా ఎముకలు రైలు పట్టాల్లా ఉండాలి. ఏడేళ్లు మా అత్తని ఎత్తి దించినదాన్ని నేను.

మా అత్త చిలకమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక కూడా సొంతంగా లేచి నిలబడింది లేదు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి, రోజుకి ఆరేడుసార్లు. మొదటిరోజు మా ఆయన్ని ఒక చెయ్యి వెయ్యమంటే గుమ్మంలోనే ఆగిపోయాడు. “అమ్మ ఆడమనిసి. ఆడమనిసిని ఆడమనిసే ఎత్తాల. నానెలాగెత్తుతానే?” అన్నాడు. వినడానికి ఎంతో మర్యాదగా ఉంది. తల్లి మానం కాపాడే కొడుకు దొరికాడనుకున్నాను కూడా. ఆ మర్యాదంతా ఏడేళ్లు నా నడుమే మోసింది. ఆయన పనిచేసే రైల్వే వర్క్‌షాప్‌లో బరువెత్తడానికి క్రేన్ ఉంది. ఆ క్రేన్‌కి కూడా వారానికోసారి నూనె పెట్టి, ఎక్కడైనా అరిగిందేమో చూస్తారట. ఈ సంగతి ఆయనే భోంచేస్తూ చెప్పాడు.

రెండో ఏడాది వేసవిలో కాబోలు, ఒకరోజు నాకు జ్వరం. ఆమెని ఎత్తబోతే ఒళ్లు తూలింది. “అబ్బా, ఎంత బరువున్నావత్తా!” అనేశాను. ఆమె నా మెడ చుట్టూ వేసిన చేతులు తీయకుండానే నవ్వింది. “మా అయ్య పెట్టిన తిండే అమ్మీ” అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అంతే, మళ్లీ ఆ మాట నా నోట రాలేదు.

ఈ ఇసుక సంచులు ఆమెవే. విరిగిన కాలు పక్కకి తిరిగిపోకుండా అటు రెండూ ఇటు రెండూ ఆనించాలని ఆస్పత్రిలో చెబితే, మా ఆయన పాత యూనిఫాం ప్యాంటు కత్తిరించి నాలుగు సంచులు కుట్టాను. ఒక్కోటి రెండు కిలోలు. పది నెలల క్రితం ఆమె పోయాక మంచం ఒకరు పట్టుకెళ్లారు, చక్రాల కుర్చీ ఒకరు పట్టుకెళ్లారు. సంచులు ఎవరికీ అక్కర్లేక అటకెక్కాయి.

బ్యాగు కోసం గోల్‌బజార్‌లో పాండురంగయ్య గారి కొట్టుకి వెళ్లాను. “బాబుది ఏ క్లాసమ్మా?” అన్నారాయన. మా అబ్బాయి ఆదర్శ్ విద్యాసాగర్ పారిశ్రామిక పార్కులో ఉద్యోగం చేస్తున్నాడని, బ్యాగు నాకేనని చెప్పాను. “ఏ వూరెళ్తున్నారు?” అన్నారు. “ఏ వూరూ లేదండి, ఊరికే నడవడానికి” అంటే, పాపం, ఇంకేం అడగాలో ఆయనకి తోచలేదు. అయిదు బ్యాగులు వేసుకుని చూశాను. కొన్నిటి పట్టీలు రొమ్ముల మీద కోసుకుపోతున్నాయి, కొన్నిటి నడుం పట్టీ పొట్ట మీదికి ఎక్కుతోంది. అవన్నీ మగవాళ్ల ఛాతీకి కుట్టినవి. ఏంజలిన్ ముందే మెడ ఎముక నుంచి తుంటి దాకా నూలుదారం పెట్టి నా వీపు కొలిచి, ఆ దారం పర్సులో పెట్టి పంపింది. అది తీసి ఆరో బ్యాగుకి ఆనించి చూశాను. సరిపోయింది. వెడల్పాటి మెత్తటి పట్టీలు, ఛాతీ దగ్గర చిన్న బకిల్, నడుం పట్టీ సరిగ్గా తుంటి మీద కూర్చుంది. ఇన్నేళ్లలో నా ఒంటి కొలత ఎవరైనా తీశారంటే జాకెట్ల కోసమే. కొట్లో నిలబడి ఎందుకో కళ్లు చెమర్చాయి. పాండురంగయ్య గారు ధర గురించి అనుకుని ఇంకో వంద తగ్గించారు.

ఏంజలిన్ మా అత్త కాలికి వ్యాయామం చేయించడానికి ఇంటికొచ్చిన ఫిజియోథెరపీ పిల్ల. ఇక్కడి తెలుగు పిల్లే, వాళ్ల తాత కూడా రైల్వేలోనే చేశాడు. మొదట ఒకే సంచి, పావుగంట, రోజు మార్చి రోజు అంది. ఒళ్లు నొప్పి లేకుండా మూడు వారాలు గడిస్తేనే రెండోది. తల దించకూడదు, ముందుకి వంగకూడదు, అడుగులు చిన్నగా వెయ్యాలి. మడమ ఎత్తు చెప్పులు మానిపించి, బొటనవేలు ముందు జాగా ఉండే బూట్లు కొనిపించింది. చీర మీద బూట్లు, వీపున బ్యాగు. టీ కొట్టు బెంగాలీ దాదా రోజూ “దీదీ, కోన్ ట్రైన్?” అని అడిగేవాడు. ఈ రైల్వే ఊళ్లో వీపున సంచి ఉంటే రైలెక్కడానికే అని లెక్క. మా ఆదర్శ్ వెనకనించి వీడియో తీసి ‘అమ్మ మిలిటరీలో చేరింది’ అని బంధువుల గ్రూపులో పెట్టాడు. నలభై నవ్వు బొమ్మలు వచ్చాయి. మా ఆడపడుచు గొంతు రికార్డు చేసి మరీ పంపింది: “మాయమ్మ పోయినాక దీనికి ఏటి సెయ్యాలో తోస్తన్నాది కాదు.”

ఆవిడ మాట నాకు కొత్త కాదు. పెద్దకర్మనాడు అందరి మధ్యా నిలబడి, “అరవై ఒక్క కిలోల మనిసి మాయమ్మ. పోయేసరికి ముప్పై ఎనిమిది. తిండి పెట్టకుండా ఎముకల గూడు సేసీసింది” అని శోకాలు పెట్టింది. మా ఆయన ఆ పక్కనే ఉన్నాడు. తలొంచుకుని విస్తరాకులు లెక్కపెట్టుకున్నాడు. నేనెందుకు ఎదురు చెప్పలేదో ఇప్పుడు రాస్తాను. రాత్రిపూట కంచం ముందు పెడితే మా అత్త, “ఆకలి నేదే అమ్మీ, ఇంత మజ్జిగ సాలు” అనేది. రెండుసార్లు బతిమాలేదాన్ని. మూడోసారి బతిమాలేదాన్ని కాదు. నెలనెలా ఆమె తేలికవుతుంటే నాకు హాయిగా ఉండేది. ఎత్తినప్పుడు నడుం పట్టేయడం లేదని సంతోషించేదాన్ని. ఆ సంతోషం ఎవరికి చెప్పుకోను? అందుకే ఆడపడుచు మాటని నిజమేనేమో అనుకుని మింగేశాను.

నాలుగో సంచి పెట్టుకున్న వారం మా ఆయన భోజనాల దగ్గర ఒక కబురు చెప్పాడు. పలాసలో ఉండే ఆయన చిన్నాన్న గణపతిరావు గారికి పక్షవాతం వచ్చిందట. పిల్లల్లేరు. “మనమే తెచ్చుకోవాల. వచ్చే నెలలో వచ్చెత్తాడు. నీకు అలవాటే కదేటి” అన్నాడు. అని, ఇంకొంచెం చారు వెయ్యమని కంచం జరిపాడు.

అలవాటు. ఆ మాట ఆ రోజంతా నా చెవిలో ఉండిపోయింది. ఆ పెద్దాయన మంచివాడే, మా పెళ్లిలో కావిడి నిండా జీడిపప్పు పంపాడు. ఆయన్ని రోడ్డున పడేయమని నేనెలా అంటాను? మర్నాడు ఏంజలిన్ దగ్గరికి వెళ్లి, ఎనిమిది కిలోలు మోస్తున్నాను కదా, మనిషిని ఎత్తగలనా అని అడిగాను. ఆ పిల్ల భయపడిపోయింది.

“వద్దాంటీ! నిటారుగా నిలబడి వీపున మోయడం వేరు, వంగి మనిసిని లాగడం వేరు. మీ వెన్నుపూస విరిగిపోద్ది. ఇప్పటికే ఏడేళ్లు లాగినారు.” అని నన్ను కూర్చోబెట్టి, అంది: “మీకొకటి సెప్పాల. ఒకనాడు మీరు వంటింట్లో ఉంటే అమ్మమ్మ నన్ను దగ్గరికి పిలిసి, ‘వొళ్లు తగ్గాలంటే ఏటి తినడం మానాలే?’ అనడిగింది. ఈ వయసులో అందమేటి అమ్మమ్మా అని నవ్వినాను. ‘అందం కాదే, కోడలికి జొరం. నన్ను మొయ్యలేకపోతంది. రేత్రి అన్నం మానేత్తే తగ్గుతానా?’ అంది. నేను అదంతా ఏళాకోళం అనుకున్నానాంటీ. ఎవరికీ సెప్పలేదు.”

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ఆమె గది ఇప్పుడు మా ఆయన స్కూటర్ సామాన్లు పెట్టుకునే గది. ఆ నేల మీద కూర్చుని ఏడ్చాను. అయిదేళ్లు ప్రతి రాత్రీ ఆకలితో పడుకుందా? పక్కగదిలో నేను పెరుగన్నం తింటుంటే గిన్నె చప్పుడు వింటూ పడుకుందా? ఒక్కసారి కొడుకుని “రారా, పట్టు” అని అడిగి ఉంటే సరిపోయేది. ఆమెకి ఆ మాట రాలేదు. నాకూ రాలేదు. ఇద్దరం ఆడవాళ్లం ఒక బరువుని అటూ ఇటూ సర్దుకుంటూ, ఒకరికి తెలియకుండా ఒకరం అరిగిపోయాం.

మూడోరోజు మా ఆయన పేపరు చదువుకుంటుంటే వెనక్కి వెళ్లి, నూలుదారంతో మెడ నుంచి తుంటి దాకా కొలిచాను. “సొక్కా కుట్టిత్తావేటి?” అన్నాడు. ఊఁ అన్నాను. దారం పర్సులో పెట్టుకుని గోల్‌బజార్ వెళ్లాను. ఈసారి పాండురంగయ్య గారి కొట్లో మొదటి బ్యాగే సరిపోయింది.

ఆదివారం పొద్దున్న దాన్ని తెచ్చి వరండాలో ఆయన ముందు పెట్టాను. దుప్పటి మడిచి, పైన ఒక ఇసుక సంచి సర్ది, మిగతా మూడూ పక్కన వరసగా పేర్చాను.

“ఇదేటి?”

“మీకే. చిన్నాన్నని తెచ్చుకుందాం. వండుతాను, మందులిస్తాను, బట్టలుతుకుతాను. ఎత్తేది మాత్రం మీరే.”

“నానా? నాకు డూటీ ఉంది కదే. నీకైతే...”

“ఆడమనిసిని ఆడమనిసే ఎత్తాలని మీరే అన్నారు. చిన్నాన్న మగమనిసి.”

నేను నా బ్యాగు తీసుకున్నాను. అందులో ఆ రోజు సంచులకి బదులు మా అత్త పప్పు రుబ్బుకున్న పొత్రం ఉంది. “నెల రోజులుంది. ఒక్కదానితో మొదలెట్టండి. తల దించకండి” అని మెట్లు దిగాను.

వెనకనించి ఆయన బ్యాగు ఎత్తిన చప్పుడు, ఆ వెంటనే ఆయన గొంతు వినిపించాయి. “అబ్బా, బరువుందే!”

ఈ ఇంట్లో ఆ మాట నేనూ ఒక్కసారే అన్నాను. ఆ రాత్రి నుంచే మా అత్త అన్నం మానేసింది.