కుడి ముందు చక్రం

నుర్జాత్ అంటే నాకు ఒళ్ళు మంట. దాచుకోవడం ఎందుకు, ముందే చెప్పేస్తున్నాను.

కారా-బాల్తా ఊరి మొదట్లో, కనుమ దిగి వచ్చే రోడ్డు పక్కన మా కార్ వాష్. ఓష్ నుంచి వచ్చే బళ్ళన్నీ కొండలెక్కి దిగి, చక్రాలకు నల్లటి బ్రేకు పొడి పట్టించుకుని మా దగ్గర ఆగుతాయి. బండి ఒళ్ళు ఎవరైనా కడుగుతారు. చక్రాలు మాత్రం పదకొండేళ్ళుగా నావి. నా సరంజామా చిన్నది. బట్టల సబ్బు తురిమి కలిపిన గోరువెచ్చని నీళ్ళు, టైరుకు గట్టి బ్రష్షు, రిమ్ముకు మెత్తటి బ్రష్షు, బోల్టుల సందుల్లోకి పాత పళ్ళ బ్రష్షు, నీళ్ళ మరకలకు కాస్త నిమ్మ ఉప్పు. "చక్రాలకి సాల్కిన్‌ని పిలవండి" అని డ్రైవర్లు దిగుతూనే అడిగేవారు.

ఈ వసంతంలో మాస్కో నుంచి తిరిగొచ్చిన నుర్జాత్ మా దగ్గర పనిలో చేరింది. ఇరవై ఆరేళ్ళది. సంచీ నిండా సీసాలు తెచ్చుకుంది. అందులో ఒక మందు చక్రం మీద చల్లి వదిలేస్తే చాలు, బ్రేకు పొడిలోని ఇనుము తగిలి ఎర్రటి ఊదారంగు ధారలు కారేవి. కుళ్ళిన గుడ్ల కంపు. అయినా మగాళ్ళందరూ ముక్కులు మూసుకుని మరీ ఫోన్లలో వీడియోలు తీసుకునేవారు.

"ఏం మందమ్మా ఇది, చక్రం నెత్తురు కక్కుతోంది?" అని ఒక ముసలాయన అడిగాడు.

"ఇనుము తినే మందు తాతా. రుద్దే పనే లేదు."

"రుద్దడం చేతకాని వాళ్ళకి బాగానే ఉంటుంది" అన్నాను నేను.

"అవునక్కా. నువ్వు రుద్దిన రుద్దుడికి ఆ లారీ చక్రం సైకిల్ చక్రమై ఇంటికెళ్ళింది!" అంది నుర్జాత్. అందరూ నవ్వారు. మా యజమాని రఖాత్ కూడా నవ్వాడు. వారం తిరిగేసరికి "సాల్కిన్‌ని పిలవండి" అనేవాళ్ళు సగం మంది "ఆ సీసాల పిల్లేదీ?" అనసాగారు.

పోనీ పని చేతకానిదా అంటే, అదీ కాదు. మందు చల్లే ముందు చక్రానికి చేతి వెనక భాగం ఆనించి వేడి చూసేది. నీడలోనే పని చేసేది. మందు ఆరిపోకముందే కడిగేసేది. ఎప్పుడు తప్పు చేస్తుందా అని కాచుకుని కూర్చున్న నాకు ఒక్కటీ దొరకలేదు. ఒళ్ళు మండకుండా ఎలా ఉంటుంది?

ఎవరు పోయినా పోనీ, ఎసెన్‌బెక్ గారు నావైపే ఉన్నారు. భార్య పోయి ఏడేళ్ళయింది ఆయనకు. ఓష్‌కీ రాజధాని బిష్కెక్‌కీ మధ్య వ్యాను నడుపుతారు. ఆరేళ్ళుగా ప్రతి గురువారం ఆయన చక్రాలు నావే. ఆ వ్యానుకు ఒక జబ్బుంది. కుడి ముందు చక్రం బ్రేకు పూర్తిగా వదలదు. మిగతా మూడూ చల్లారినా అది పెనంలా కాలుతూనే ఉంటుంది. వేడి చక్రం మీద సబ్బు నీళ్ళు పోసినా మరక పడుతుంది.

"ఇది చల్లారాలంటే ఇంకో కప్పు టీ పట్టాలి" అనేదాన్ని నేను.

"పట్టనీ, తొందరేముంది" అనేవారు ఆయన.

బల్ల దగ్గర ఇద్దరం పాలు పోసిన టీ తాగేవాళ్ళం. మా ఆయన పోయాక నాతో తీరిగ్గా టీ తాగిన మనిషి ఆయనొక్కరే. ఆ ఒక్క కప్పు కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొన్న గురువారం ఆయన వ్యాను రాగానే బ్రష్షు పట్టుకుని లేచాను. ఆయన నాకు తల ఊపి, నేరుగా నుర్జాత్ దగ్గరికి నడిచారు.

"అమ్మా, శనివారం సంబంధం అడగడానికి వెళ్తున్నాను. ఈ నలుపు మొత్తం పోవాలి."

"పెళ్ళికొడుకు గారా! అద్దంలా చేసిపెడతాను, మీ మీసం దువ్వుకోవచ్చు" అంది అది.

బ్రష్షు బకెట్లో పడేశాను. ఎవత్తెనో చేసుకోబోతున్నాడు, దానికోసం మెరవడానికి ఈ సీసాల పిల్ల కావాల్సి వచ్చింది. ఆరేళ్ళుగా ఆ చక్రాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నదాన్ని నేను!

ఏళ్ళ తరబడి మాడిన నలుపుకు ఊదారంగు మందు చాలదని నుర్జాత్ ఇంకో సీసా తీసింది. అది ఘాటైన యాసిడ్ మందు. వంతు వచ్చాక, వెనక వరసలో ఎన్ని బళ్ళున్నాయో చూసుకుని, గబగబా ఎడమ ముందు చక్రానికి చెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. ఎడమ వెనకదీ చూసింది. ఆ రెండూ చల్లగా ఉన్నాయి కదా అని అటుపక్కవి చూడకుండానే చల్లడం మొదలుపెట్టింది. వెనక నుంచి చుట్టూ తిరిగి కుడి ముందు చక్రం దగ్గరికొచ్చింది.

"దానికి ఇంకో కప్పు టీ పట్టాలి" అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది. మూసుకున్నాను.

మందు తగలగానే సుయ్యిమని పొగ లేచింది. నుర్జాత్ కెవ్వుమని పైపు లాక్కొచ్చి నీళ్ళు కొట్టింది. అప్పటికే ఆలస్యమైంది. రిమ్ము మీద తెల్లటి చారలు, వేలు పెడితే గరుకు. యాసిడ్ కొరికిన లోహం మళ్ళీ నునుపు కాదు. తల ఎత్తేసరికి ఎసెన్‌బెక్ గారు బల్ల దగ్గర నుంచి నావైపే చూస్తున్నారు. నేను చూపు తిప్పుకున్నాను.

"రేపట్నుంచి బళ్ళు ముట్టుకోకు, జనం తెచ్చే తివాచీలు ఉతుకు. ఆ సీసాలు ఇలా ఇచ్చెయ్" అన్నాడు రఖాత్.

"నాదే తప్పు. నాలుగూ చూసుకోవాల్సింది" అంది నుర్జాత్. సీసాల సంచీ తెచ్చి అతని చేతికిచ్చింది.

నాకు సంతోషం వేసింది. నిజంగానే వేసింది. ఇంటికి నడుస్తూ నాలో నేనే నవ్వుకున్నాను, మధ్యలో ఎందుకో ఏడుపు కూడా వచ్చింది.

శుక్రవారం, నేనుంటున్న అన్నయ్య ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే, అన్నయ్య వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపు ఎసెన్‌బెక్ వాళ్ళ అక్క చెవిపోగులు పట్టుకుని వస్తోంది. నీకు ఇష్టమేగా?"

"ఎవరికి చెవిపోగులు?"

"ఇంట్లో ఇంకెవరున్నారే? మేకకా?"

మాలో ఆడదాని చెవికి పోగులు తొడిగితే సంబంధం ఖాయమైనట్టే. కత్తి అలాగే ఆగిపోయింది. "మరి చక్రాలు... వేరేవాళ్ళతో కడిగించుకున్నారే?" అని మాత్రం అనగలిగాను.

"నేనూ అదే అడిగా. నిన్ను అడగడానికి వస్తూ నీచేతే బండి కడిగించుకోవడానికి సిగ్గుండొద్దూ అన్నాడు."

శనివారం మధ్యాహ్నం వ్యాను మా గేటు ముందు ఆగింది. కుడి ముందు చక్రం సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా, తెల్లచారలతో. మా వదిన నూనెలో వేయించిన వేడి వేడి బోర్‌సోక్ పిండి ముక్కలు బల్ల మీద గుమ్మరించింది. ఎసెన్‌బెక్ గారి అక్క బురుల్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వెండి చెవిపోగులు తీసింది. నా చెవి మీదకు ఆవిడ చెయ్యి వచ్చింది.

"ఆగండి" అన్నాను. "ఆ చక్రం పాడుచేసింది నేను. వేడిగా ఉందని తెలుసు. కుళ్ళుతో నోరు మూసుకున్నాను."

బురుల్ చెయ్యి వెనక్కి తీసుకుంది. మా అన్నయ్య నేల చూపులు చూశాడు.

"తెలుసు" అన్నారు ఎసెన్‌బెక్ గారు. "పొగ చూశాకే ఆ చక్రం వేడి సంగతి నాకు గుర్తొచ్చింది. నీవైపు చూశాను. నువ్వు మొహం తిప్పుకున్నావు."

"తెలిసీ వచ్చారా?"

"నాకోసం కుళ్ళుకునే మనిషి ఒకతి ఉందని నాకు అంతవరకు తెలీదు. అందుకే రావడం మానలేదు. కానీ సాల్కిన్, నా చక్రం పోతే పోయింది. ఆ పిల్లకి చక్రాల పని పోయింది. ఆ మాట చెప్పాల్సింది నాకు కాదు."

కాళ్ళకు చెప్పులు తొడుక్కున్నాను. చెవిపోగులు ఒళ్ళో పెట్టుకుని బురుల్ కూడా వ్యానెక్కింది. కార్ వాష్‌లో శనివారం రద్దీ. నుర్జాత్ వెనక గోడ దగ్గర మోకాళ్ళ దాకా తడిసి తివాచీ రుద్దుతోంది. రఖాత్ ముందు, వరసలో నిలబడ్డ డ్రైవర్లందరి ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

రఖాత్ లోపలికెళ్ళి సీసాల సంచీ తెచ్చి నుర్జాత్ ముందు పెట్టాడు. అది సంచీ వంక చూడలేదు. వ్యాను దగ్గరికెళ్ళి కుడి ముందు చక్రానికి చేతి వెనక భాగం ఆనించింది.

"చల్లగానే ఉంది కదక్కా?"

నేనూ ఆనించి చూశాను. నిజంగానే చల్లగా ఉంది. ఎసెన్‌బెక్ గారి వంక తిరిగాను.

"నిన్న బ్రేకు బాగుచేయించాను. అరగంట పని" అన్నారు ఆయన.

"అరగంటా? ఆరేళ్ళుగా మరి..."

"ఆరేళ్ళుగా టీ కావాలిగా."

బురుల్ ఇంక ఆలస్యం చేయలేదు. అక్కడే, నురగ నీళ్ళలో నిలబెట్టి చెవిపోగులు తీసింది. నా తలగుడ్డ అడ్డం వస్తుంటే నుర్జాత్ తడి చేత్తో పక్కకి జరిపి, ఇంకో చేత్తో నా చెవి పట్టుకుంది.

"కదలకు" అంది.

అవసరమైన దానికన్నా చాలా గట్టిగా పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను కదల్లేదు.