ఓటమికి అర అంగుళం

మధ్యాహ్నం మూడింటికి బడి వంటశాలలో ఆఖరి గిన్నె కడిగి బోర్లించి, దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆగి, వెర్నెట్టా రోజూ ఇంట్లోకి దిగుతుంది. పన్నెండు మెట్లు. రెండు చేతుల్లోనూ సంచులుంటాయి కాబట్టి పక్కన మొగుడు ఓడెల్ పాతిన ఇనుప గొట్టం పట్టుకునే వీలుండదు. మట్టిగోడకి భుజం ఆనించి దిగుతుంది. ఆమె కోట్లన్నిటికీ ఎడమ భుజం దగ్గర ఒకటే మరక.

మూడేళ్ల కిందటి వరకూ ఆ ఇంటికి ఎక్కే మెట్లుండేవి. ఆ ఊరి బాస్కెట్‌బాల్ జట్టు టొలీడో డ్రెడ్జర్స్ ఓడిపోవడం మొదలుపెట్టాక దిగే మెట్లు వచ్చాయి. జట్టు ఓడినప్పుడల్లా అభిమానుల ఇళ్లు అర అంగుళం చొప్పున నేలలోకి దిగుతాయి. ఏడాదికి ఎనభై రెండు ఆటలు, అందులో దగ్గరదగ్గర అరవై ఓటములు. ఆ వీధిలో సగం ఇళ్లకి పై అంతస్తు కిటికీలే గడ్డి మీద కనిపిస్తాయి. నగరం వాళ్లు వాన నీళ్లు తోడుకోవడానికి ఇంటికో పంపు ఇచ్చారు. పోస్టు తెచ్చే అమ్మాయి మెట్లన్నీ దిగే ఓపిక లేక, పైనుంచే ఉత్తరాలు తలుపు మీదికి విసిరి పోతుంది. బాస్కెట్‌బాల్ మొహం చూడని మిస్ యూలా ఇల్లు మాత్రం పక్కనే, ఎప్పటి ఎత్తులో అప్పటిలాగే ఉంది. ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, మెట్లెక్కి వచ్చే వెర్నెట్టాకి ముందుగా కనిపించేది ఆవిడ చెప్పులు.

ఇల్లు దిగినందుకు ఓడెల్ ఏనాడూ బాధపడలేదు. "ఎంత ఓడితే అంత మంచిదే వెర్నీ," అంటాడు. ఆ ఆటలో ఏర్పాటు అలాంటిది. అట్టడుగున మిగిలిన పద్నాలుగు జట్లకి మే నెలలో లాటరీ తీస్తారు. ఎవరి పేరు ముందొస్తే వాళ్లు ఆ ఏటి కొత్త కుర్రాళ్లలో మేటివాణ్ణి ఏరుకోవచ్చు. మరీ అడుగున ఉన్న మూడు జట్లకీ ఒక్కోదానికి పద్నాలుగు శాతం అవకాశం. అందుకని జట్టు ఓడిపోవాలని జట్టుని ప్రేమించేవాళ్లే కోరుకుంటారు. గెలిచే దారిలో ఉంటే తిట్టుకుంటారు.

ఓడెల్, అతని తమ్ముడు క్లైడ్, గాజు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన బుకర్, ముగ్గురూ ముందుగదిలో సోఫాలో చేరి ఫోన్లు నొక్కుతూ కూర్చుంటారు. ఫోన్‌లో ఒక పేజీ ఉంది. నొక్కితే ఉత్తుత్తి లాటరీ తీసి చూపిస్తుంది. రోజుకి రెండు మూడు వందలసార్లు నొక్కుతారు.

"వచ్చిందిరా! మొదటి నంబరు!" అంటాడు క్లైడ్.

"నాకు అయిదోది. మళ్లీ నొక్కు," అంటాడు ఓడెల్.

"పద్నాలుగు శాతం అంటే మాటలా," అంటాడు బుకర్, చర్చిలో ఆమెన్ అన్నట్టు.

వెర్నెట్టా ఆ సంగతి ఒకసారి మిస్ యూలాతో చెప్పింది. ఆవిడ కుండీలో నీళ్లు పోస్తూ, "వాన పడే అవకాశం పద్నాలుగు శాతం అంటే నేను గొడుగు కూడా తీసుకెళ్లను పిల్లా," అంది. "మీ ఆయన దానికోసం ఇల్లు పాతిపెట్టుకున్నాడు."

వెర్నెట్టా నవ్వాలనుకుంది. నవ్వు రాలేదు. పన్ను పీకించుకోవడానికి మత్తుసూది వేయించుకుంటే, కాసేపు మన చెంప మనం ముట్టుకున్నా పక్కవాళ్లది ముట్టుకున్నట్టుంటుందే, ఆమెకి ఒళ్లంతా చాలాకాలంగా అలాగే ఉంది. వంటింటి కిటికీకి అవతల మట్టి. పెరటి తలుపు తెరుచుకోక మూడేళ్లు. అద్దానికి ఆనుకుని వానపాములు పోతుంటే చూస్తూ ఉల్లిపాయలు తరుగుతుంది. అవి పోతున్నాయనే తప్ప ఇంకేమీ అనిపించదు.

మార్చి ఆఖర్లో జెర్లీన్ వచ్చి ఆ వంటింట్లోనే కూర్చుంది. ఇద్దరూ ఇరవై ఏళ్లు ఒకే బడిలో పక్కపక్క పొయ్యిల దగ్గర నిలబడ్డవాళ్లు. జెర్లీన్ ముందే మానేసి, ఈరీ సరస్సు ఒడ్డున పడవల రేవు దగ్గర చిన్న హోటలు చూసి పెట్టుకుంది. ఎనిమిది బల్లలు, పైన రెండు గదులు.

"మే ఆఖర్లో సెలవులకి జనం వస్తారు. అప్పటికి తెరవాలి," అంది. "చేప నువ్వు వేయిస్తేనే నేను తీసుకుంటా. సగం నీది, సగం నాది. వస్తావా?"

"ఓడెల్‌ని అడగాలి."

"ఓడెల్‌కి చేప వేయించడం వచ్చా?"

"రాదు."

"మరి వాణ్ణెందుకే అడగడం?"

అయినా వెర్నెట్టా అడిగింది. ఓడెల్ ఫోన్ మీంచి తలెత్తకుండానే, ఎంతో ప్రేమగా, "లాటరీ అయ్యాక చూద్దాం వెర్నీ," అన్నాడు. అతను చెడ్డవాడు కాడు. ఆమె మీద చెయ్యెత్తలేదు, తాగి రాలేదు. ఇరవై ఆరేళ్లుగా ఆమె ఏది అడిగినా చూద్దామన్నాడు, అంతే. అలాంటి మొగుణ్ణి వదిలేస్తానంటే ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. చూద్దామనడం నేరమని ఏ చట్టంలోనూ లేదు.

"సరే," అంది జెర్లీన్ ఫోన్‌లో. "ఆ లాటరీ రోజు దాకా ఆగుతా. ఆ సాయంత్రం మాట చెప్పకపోతే మా పినతల్లి కూతురికి ఇచ్చేస్తా. నన్ను తిట్టుకోకు."

ఏప్రిల్ రెండో ఆదివారం ఆఖరి ఆట. ఓడితే డ్రెడ్జర్స్ అందరికన్నా అడుగున మిగులుతారు, పద్నాలుగు శాతం ఖాయం. గెలిస్తే కిందనుంచి నాలుగో స్థానానికి ఎగబాకి పన్నెండున్నరకి పడిపోతారు. ముందుగదిలో ముగ్గురూ సోఫా అంచున కూర్చున్నారు. ఇంకో నాలుగు సెకన్లుందనగా జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉంది. అంతా అనుకున్నట్టే జరుగుతోంది. అప్పుడు బెంచీ మీద ఆఖరున కూర్చునే కుర్రాడొకడు, వేరే గతిలేక ఆడటానికి పంపినవాడు, మైదానం సగంలోంచి కళ్లు మూసుకుని విసిరేశాడు. బంతి వలలోంచి జారింది. మూడు పాయింట్లు.

ఆ కుర్రాడు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. కోచ్ నేల చూపులు చూశాడు. ఆ ఊళ్లో ఎవరూ కిక్కురుమనలేదు. కోడి రెక్కలు పిండిలో పొర్లించి, పళ్లెం పట్టుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డ వెర్నెట్టా మాత్రం, పళ్లెం బల్ల మీద పెట్టి, చప్పట్లు కొట్టింది. చేతులకి పిండి ఉందేమో, గదిలో తెల్లటి పొగ చిన్నగా లేచింది.

ముగ్గురూ తిరిగి చూశారు.

"వదినా! నువ్వసలు ఎవరి జట్టు?" అన్నాడు క్లైడ్.

"మన జట్టే కదా గెలిచింది?"

"అదే కదా మా ఏడుపు!"

"చచ్చాం," అన్నాడు బుకర్. "పన్నెండున్నర."

మర్నాడు పొద్దున్న వంటింటి గడప ముందుగది కన్నా అర అంగుళం పైకి వచ్చి ఉంది. ఓడెల్ కాలు తట్టుకుని, "అటుపక్క చెక్క ఉబ్బినట్టుంది," అని ఊరుకున్నాడు.

తర్వాత రోజుల్లో పెద్ద జట్ల పోటీలు మొదలయ్యాయి. వాటిల్లో డ్రెడ్జర్స్ ఉండరు కాబట్టి ముందుగది వాళ్లకి వాటితో పనిలేదు. వాళ్లకి కావల్సింది కాలేజీ కుర్రాళ్ల ఎత్తులు, చేతుల పొడవులు. వెర్నెట్టా వంటింట్లో అల్మారా మీదున్న బుల్లి టీవీ పెట్టుకుంది. ఎవరు గెలిస్తే వాళ్లకి చప్పట్లు కొట్టింది. ఆడపిల్లల ఆటలుంటే అవీ చూసింది. బడి పిల్లల పోటీలు రేడియోలో చెబితే వాటికీ కొట్టింది. ఆనందం పట్టలేకేమీ కాదు. బట్టలు మడతపెట్టినట్టు, ఒక పని చేసినట్టు కొట్టేది. ఎవరి గెలుపైనా ఫరవాలేదు, ఎవరో ఒకరు గెలిస్తే చాలు. రోజుకి నాలుగైదుసార్లు. ఒక్కో రోజు రెండంగుళాలు, ఒక్కో రోజు రెండున్నర, వంటిల్లు పైకి వచ్చింది.

ముందు ఓడెల్ గుమ్మానికి ఒక మెట్టు కొట్టాడు. వారం తిరిగేసరికి రెండు. ఆ తర్వాత గరాజులోంచి నిచ్చెన తెచ్చి ఆనించాడు.

"అన్నం కిందికి ఎలా వస్తుంది మరి?" అన్నాడు క్లైడ్, తల వెనక్కి వాల్చి పైకి చూస్తూ.

"నువ్వెక్కి తీసుకెళ్తే వస్తుంది," అంది వెర్నెట్టా పైనుంచి.

"మోకాళ్లు వదినా, మోకాళ్లు."

వెర్నెట్టా బట్టల బుట్టకి తాడు కట్టింది. కోడి రెక్కలూ ఆకుకూరా మొక్కజొన్న రొట్టే అందులో దిగేవి, ఎంగిలి పళ్లాలు అందులోనే ఎక్కేవి. నాలుగు రోజుల్లో అదీ అలవాటైపోయింది.

మే మొదటి వారంలో వంటింటి కిటికీ మీంచి మట్టి రాలింది. ముందు గడ్డి వేళ్లు, తర్వాత గడ్డి, తర్వాత వెలుతురు. వెర్నెట్టా ఆ వెలుతురులోనే ఉల్లిపాయలు తరిగింది. బాగుందని తెలుస్తోంది, బాగుండటం మాత్రం లోపలికి రావడం లేదు. పెరటి తలుపు జోలికి వెళ్లలేదు. మూడేళ్లు తెరవని తలుపు తలుపులా కనిపించదు, గోడలానే కనిపిస్తుంది.

లాటరీ రోజు మంగళవారం. సాయంత్రం ఏడున్నరకి బయట ఇంకా ఎండ ఉంది. కింద ముగ్గురూ డ్రెడ్జర్స్ చొక్కాలు వేసుకుని కూర్చున్నారు. క్లైడ్ అదృష్టం కోసం చొక్కా తిరగేసుకున్నాడు. బుకర్ మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

వంటింట్లో ఫోన్ మోగింది.

"వీధి చివర బండిలో ఉన్నా," అంది జెర్లీన్. "లోపలికి రాను. ఆ మెట్లు నావల్ల కాదు. అవునంటావా, కాదంటావా?"

"ఇప్పుడే మొదలైంది. చూసి చెప్తా."

"ఏం చూస్తావే? ఆ వచ్చే కొత్త కుర్రాడు నీ అంట్లు తోముతాడా?"

వెర్నెట్టా ఫోన్ పెట్టెయ్యలేదు. చెవికి ఆనించుకుని గుమ్మం అంచున నిలబడి కిందికి చూసింది. టీవీలో సూటువాలా ఒకాయన పద్నాలుగో కవరు నుంచి ఒక్కొక్కటీ చించి జట్ల గుర్తులు చూపిస్తున్నాడు. ఎంత ఆలస్యంగా వస్తే అంత మేలు. పన్నెండు. పదకొండు. పది. తొమ్మిది. ఎనిమిది.

ఏడో కవరులో డ్రెడ్జర్స్ వచ్చింది.

క్లైడ్ పైకి చెయ్యి చూపించాడు. "ఆ రోజు వదిన చప్పట్లు కొట్టకపోతే..."

"ఊరుకోరా," అన్నాడు ఓడెల్. మంచివాడు కదా. ఫోన్ తీశాడు. నెమ్మదిగా అతని మొహం తేటపడింది. "వచ్చే ఏడాది చూశారా? ఏడడుగుల రెండంగుళాల కుర్రాడొకడున్నాడు. ఇంకా పద్దెనిమిదేళ్లు నిండలేదు. వాడి ముందు ఈ ఏటి వాళ్లంతా బలాదూర్. మనం చెయ్యాల్సిందల్లా ఈసారి గట్టిగా ఓడిపోవడం. అరవై అయిదు, వీలైతే డెబ్బై!"

"డెబ్బై!" అన్నాడు బుకర్, కళ్లు తుడుచుకుంటూ.

ముగ్గురూ చేతులు కలుపుకున్నారు. గది దిగింది. ఆట లేదు, ఓటమి లేదు, అయినా ఎలివేటరు దిగినట్టు సాఫీగా మనిషి నిలువంత దిగింది. ఇప్పుడు పైనుంచి చూస్తే మూడు నడినెత్తులు, మూడు ఫోన్ల వెలుగు.

"వెర్నీ," ఓడెల్ గొంతు దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. "జెర్లీన్‌కి చెప్పు. వచ్చే ఏడాది చూద్దామని."

వెర్నెట్టాకి కోపం రాలేదు. రావాలని కాసేపు ఎదురు చూసింది కూడా. కోపం లేకుండా వెళ్లకూడదేమో అనుకుంది. వెళ్లొచ్చని తోచింది.

పొయ్యి కట్టేసింది. వేగిన రెక్కలు బుట్టలో పెట్టి, సాస్ సీసా పెట్టి, కిందికి దించింది. తాడు చాలలేదు. ఇంకో తాడు ముడేసి, నేలకి ఆనేదాకా వదిలింది. నిచ్చెన కూడా అందనంత కిందికి పోయింది. గరాజులో ఉన్న పొడుగు నిచ్చెన గుర్తొచ్చి, దాన్ని ఎక్కడ పెట్టారో కేకేసి చెప్పింది. ఎక్కడం వాళ్ల ఇష్టం. ఇనుప మూకుడు చంకన పెట్టుకుంది.

"జెర్లీన్," అంది ఫోన్‌లో.

"ఇంకా ఉన్నా."

"నూనె ఏది వాడదాం?"

అవతల జెర్లీన్ ముక్కు చీదింది.

పెరటి తలుపు ఒక్క తోపుకే తెరుచుకుంది. ఎదురుగా గడ్డి, దాని మీద సాయంత్రపు ఎండ. పక్క వరండాలో కూర్చున్న మిస్ యూలా మొహం, మూడేళ్ల తర్వాత, ఇంటి గుమ్మంలోంచే సరిగ్గా ఎదురుగా కనిపించింది. ఆవిడ చెయ్యి ఊపింది.

వెర్నెట్టా గడప దాటి, లేని మెట్టు ఎక్కబోయి కాలు పైకెత్తింది. కాలు గాల్లో ఆగి, తడబడి, చదునైన నేల మీద దబ్బున పడింది. పాదం చురుక్కుమంది. ఆమె అక్కడే నిలబడి, ఆ నొప్పి తనదేనా అని కాసేపు చూసుకుంది. తనదే.