పన్నీటి బుడ్డి

బుడ్డి మెడను పాత బనీను గుడ్డతో మూడోసారి తుడిచి, అజీముద్దీన్ దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. వెండి తీగతో అల్లిన ఆకుల సందుల్లో కొంచెం నలుపు ఇంకా మిగిలి ఉంది. చింతపండు నీళ్లలో అగ్గిపుల్ల ముంచి ఒక్కో సందునూ మెల్లగా గీకాడు. బుడ్డి జానెడు ఎత్తుంటుంది. కింద ఉల్లిగడ్డలాంటి పొట్ట, పైన సన్నని పొడుగు మెడ, మెడ చివర గసగసాలంత రంధ్రాలున్న మొగ్గ. కరీంనగర్‌లో తీగ పని చేసిన తండ్రి ఎప్పుడో చేసి పెట్టిన బుడ్డి అది. ఆ పని అజీముద్దీన్‌కు రాలేదు. పదిహేనేళ్ల వయసులోనే కళ్లు ఆనకపోతే తండ్రి పట్టకారు చేతిలోంచి తీసుకొని, ఈ బుడ్డి పెట్టాడు. అప్పటినుంచి పెళ్లిళ్లలో, సభల్లో తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ల మీద పన్నీరు చల్లడమే అతని పని. ఊళ్లో ఫంక్షన్ హాలు కట్టాక ఇరవై ఏళ్లుగా ఆ ఒక్క తలుపు దగ్గరే నిలబడుతున్నాడు.

"ఆజ్ ఖాలీచ్ లేకే జానా బోలే నా?" అంది భార్య షహర్ బానో, చాయ్ గ్లాసు పక్కన పెడుతూ. ఇవాళ ఖాళీదే తీసుకుపొమ్మన్నారు కదా అని ఆమె గుర్తుచేసింది.

అజీముద్దీన్ తల ఊపాడు.

నిన్న మేనేజరు రాజ్‌కుమార్ పిలిచి మరీ చెప్పాడు. "రేపు ఎలర్జీ డాక్టర్లు వస్తున్నరు చాచా. దమ్ము, తుమ్ములు, దద్దుర్లు చూసేటోళ్లు. వాళ్లకు వాళ్లే ఏందో కొత్త సదువు సదువుకుంటరట. పెండ్లాం పిల్లలతోని సుత వస్తున్నరు. అత్తరు వద్దు, అగరొత్తులు వద్దు, పూలు వద్దు. కాయితం మీద రాసి పంపిన్రు."

"పన్నీరు?"

"గదే చెప్తున్న. పన్నీరు సుత వద్దు. నువ్వు ఖాళీ బుడ్డి పట్టుకొని నిలవడు. ఫొటోలల్ల మంచిగ కనవడ్తది."

షహర్ బానో లోపలికి వెళ్లేదాకా ఆగి, అజీముద్దీన్ గూట్లోని సీసా తీశాడు. తండ్రి ఉన్నప్పుడు పన్నీరు అసలు గులాబీలతో వచ్చేది. ఇప్పుడు కొట్టులో దొరికేది సెంటు కలిపిన నీళ్లు. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా బుడ్డిలో సగందాకా పోసి మూత బిగించాడు. తలుపు దగ్గర ఖాళీ బుడ్డి పట్టుకున్నవాడు చుట్టాన్ని ఎల్లగొట్టినట్టేనని తండ్రి అనేవాడు. చల్లే ఉద్దేశం లేదు. చేతిలో బరువుంటే చాలు అనుకున్నాడు.

హాలు గుమ్మానికి రోజూ వేలాడే బంతిపూల దండలు లేవు. జ్యోతి వెలిగించడానికి కరెంటు దీపం పెట్టారు. పక్క గదిలో పిల్లల కోసం చాపలు పరిచి, మధ్యలో రంగులు వేయని నిర్మల్ కొయ్యబొమ్మలు పోశారు. చిలకలు, ఏనుగులు, సీతాఫలాలు. తల్లిదండ్రులు లోపల పాఠాలు వింటుంటే పిల్లలు ఇక్కడ బొమ్మలకు రంగులు వేసుకోవాలట.

చాయ్ కెటిల్ పట్టుకొని కమలవ్వ వచ్చింది. హాలు తెరిచిన రోజునుంచీ అక్కడ గిన్నెలు తోమి, చాయ్‌లు అందించే మనిషి.

"ఏం అజీం భాయ్, ఇయ్యాల నీకు పనే లేదట గద. ఉత్త బుడ్డి పట్టుకొని పెండ్లికొడుకు తీరు నిలవడ్డవ్."

"నీకు కండ్లమంటనా?"

"నాకెందుకు? నాకు నూట యాభై గిలాసలున్నయ్ కడగ. జర మారుదమా?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

తొమ్మిదిన్నర నుంచి కార్లు వచ్చాయి. అజీముద్దీన్ తలపాగా సర్దుకొని, పాత షేర్వానీ గుండీలు మెడదాకా పెట్టుకొని నిలబడ్డాడు. మామూలు రోజుల్లో అతన్ని చూడగానే మనుషులు నడక తగ్గించి చెయ్యి చాపుతారు. ముఖాలకంటే అతనికి చేతులే ఎక్కువ గుర్తుంటాయి. మైలతుత్తం మరకల రైతు చేతులు, బొగ్గు గీతలు చర్మంలోకి దిగిపోయిన గనుల చేతులు, కొత్త గాజుల చేతులు. ఇన్నేళ్లలో ఒక్క పెళ్లిలోనైనా తాళి కట్టడం అతను చూడలేదు. లోపల మేళం మోగేటప్పుడు, ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం తలుపు దగ్గరే ఉండేవాడు. అజీం చాచా చెయ్యి మంచిదని జనం అనుకునే మాట మాత్రం అతని చెవిన పడుతుండేది. ఇంటికి వెళ్లి ఆ మాట షహర్ బానోకు చెప్పేవాడు.

ఇవాళ ఒక్కరూ చెయ్యి చాపలేదు. మెడలో కార్డులు వేసుకొని, ఫోన్లు చూసుకుంటూ పక్కనుంచి నడిచిపోయారు. ఒకాయన అతన్ని చూసి ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. బుడ్డి ఖాళీదని చెప్పబోయి, అది అబద్ధమని గుర్తొచ్చి అజీముద్దీన్ ఊరుకున్నాడు.

పదకొండు గంటలకు హాలు తలుపు మూశారు. అప్పుడు పిల్లల గదిలోంచి ఒక పాప వచ్చింది. ఆరేళ్లుంటాయి. ముందు పన్ను ఊడింది. వేళ్లకు చిలకకు వేసిన ఆకుపచ్చ రంగు అంటుకొని ఉంది. మెడలో కార్డు మీద నవ్యశ్రీ అని రాసి ఉంది.

"తాతా, అందులో ఏముంది?"

"ఏం లేదు బిడ్డా."

పాప బుడ్డిని రెండు వేళ్లతో కదిపింది. లోపల నీళ్లు గళగళమన్నాయి. "అబద్ధం. చప్పుడైతుంది" అంది.

అజీముద్దీన్‌కు నవ్వొచ్చింది. పాప రెండు అరచేతులూ దోసిలిలా చాపింది. ఆ రోజు అతని ముందుకు వచ్చిన మొదటి చేతులు అవే. అతను మూసి ఉన్న హాలు తలుపు వైపు ఒకసారి చూశాడు.

"ఒక్కపారే" అన్నాడు.

అరచేతుల్లో చల్లాడు. పాప వాటిని ముఖానికి రుద్దుకొని "ఇంకా" అంది. ఈసారి అతను ఆలోచించలేదు. అలవాటుగా మణికట్టు విదిలించాడు. పన్నీరు తుంపరలుగా పాప జుట్టు మీదా, కనురెప్పల మీదా పడింది. పాప కళ్లు మూసుకొని నవ్వింది. గదిలోకి పరిగెత్తింది.

గాజు తలుపులోంచి అతను చూస్తూనే ఉన్నాడు. పిల్లలకు పాలు ఇవ్వడానికి వచ్చిన కమలవ్వ చుట్టూ పాప తిరిగింది. కమలవ్వ తన టిఫిన్ డబ్బా తీసి, మనుమరాలి కోసం చేసుకున్న సకినాల్లో ఒకటి సగం విరిచి పాప నోట్లో పెట్టింది. అజీముద్దీన్‌కు కడుపు నిండినట్టయింది.

కాసేపటికి దగ్గు వినిపించింది. తర్వాత దగ్గు ఆగి, సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. కమలవ్వ పాపను ఎత్తుకొని బయటికి పరిగెత్తింది. పాప కళ్లు ఉబ్బాయి. ప్రతి ఊపిరికీ మెడ కింద గుంత పడుతోంది. హాలు తలుపు తెరుచుకుంది. పాప తల్లి, డాక్టర్ నర్మద, అందరికంటే ముందు వచ్చింది. వెనకే ఎంతమంది డాక్టర్లో. ఎవరో తొడకు సూది వేశారు. ఎవరో ప్లాస్టిక్ గొట్టం తెచ్చి ముఖానికి ఆనించి మందు పట్టారు.

"ఏం తిన్నది? ఏం ముట్టుకున్నది? ఎవరైనా చూశారా?" అని నర్మద అడుగుతోంది.

అజీముద్దీన్ బుడ్డిని వీపు వెనక పట్టుకొని ఉన్నాడు. నోరు తెరిచాడు.

"సకినం బెట్టిన" అంది కమలవ్వ. "సగమే బెట్టిన అమ్మా. నేనే. అడిగినట్టు చూసింది, పానం ఆగలే."

"నువ్వులుంటాయి అందులో" అన్నారెవరో. రాజ్‌కుమార్ కమలవ్వ వైపు చూశాడు. బయటి తిండి పిల్లలకు పెట్టొద్దని కాయితం మీద అది కూడా రాసి ఉంది. అందరి చూపులూ ఆమె మీదికి పోయాయి. అజీముద్దీన్ నోరు మూసుకున్నాడు.

గంటలో పాప తేరుకుంది. అతను బాత్రూముకు వెళ్లి చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకొని చూసి మళ్లీ కడుక్కున్నాడు. వాసన పోలేదు. బుడ్డిని గుడ్డలో చుట్టి కుర్చీ కింద పెట్టాడు. ఇప్పుడైనా చెప్పొచ్చు అనుకున్నాడు. భోజనాలయ్యాక చెప్తాననుకున్నాడు. భోజనాలయ్యాయి.

మూడింటికి కమలవ్వ చీరె మార్చుకొని, సంచితో వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పోతున్న భాయ్. ఇగ రావద్దన్నడు మేనేజరు."

"పిల్లకు మంచిగైంది గద. ఫికర్ జెయ్యకు."

"పని పోయిందని కాదు భాయ్. ఆ పిల్ల మెడకింద గుంత వడ్డది సూడు, గదే కండ్లల్ల మెదుల్తుంది. ఇంటికి పోతె నా మనుమరాలు డబ్బా గుంజుకుంటది. దానికి ఇగ నా చేత్తోని ఎట్ల పెట్టాలె?"

అజీముద్దీన్ ఆమె సంచి అందుకొని గేటుదాకా మోశాడు. ఆ సాయం చేస్తున్నందుకు ఆమె అతనికి దండం పెట్టింది. అక్కడ డబ్బా తీసి మిగిలిన సకినాలు కాగితంలో చుట్టి అతని చేతిలో పెట్టింది. "పారేయ బుద్ధి కాదు. నువ్వన్న తిను." ఆటో ఎక్కి బస్టాండు వైపు వెళ్లిపోయింది.

పొట్లం షేర్వానీ జేబులో పెట్టుకొని అతను తలుపు దగ్గరికి వచ్చాడు. కూర్చున్నప్పుడల్లా సకినాలు జేబులో చిట్లుతున్నాయి. అందుకని నిలబడే ఉన్నాడు.

అయిదు గంటలకు నర్మద పాపను ఎత్తుకొని బయటికి వచ్చింది. పాప చేతిలో ఆకుపచ్చ చిలక ఉంది. అతన్ని చూడగానే కిందికి జారి, మళ్లీ రెండు అరచేతులూ చాపింది.

"తాతా, నీళ్లు."

"ఏం నీళ్లు నవ్యా?" అంది తల్లి.

అయిపోయినయ్ అంటే చాలు. వాళ్లు కారెక్కి వెళ్లిపోతారు.

"ఇంకోసారి వచ్చినప్పుడు ఇస్తారులే" అని పాపతో అని, నర్మద అతని వైపు తిరిగింది. "దీనికి నువ్వులు పడవని ఇవాళే తెలిసింది. మా అమ్మ చేసే నువ్వుల ముద్దలు కూడా ఇంక ముట్టనివ్వకూడదు."

"నువ్వులు కాకపోవచ్చమ్మా" అన్నాడు అజీముద్దీన్. కుర్చీ కిందినుంచి తీసి, గుడ్డ విప్పి బుడ్డి చూపించాడు. "పన్నీరు. నేనే చల్లిన. మొకం మీద. దగ్గు రాకముందు."

నర్మద బుడ్డిని దూరంగా పట్టుకొని వాసన చూసింది. తిరిగి ఇచ్చి, పాప చేతులు తన చున్నీతో తుడిచింది.

"వద్దని మీకు చెప్పలేదా?"

"చెప్పిన్రు."

"మరి నేను అడుగుతుంటే మీరక్కడే ఉన్నారు కదా?"

అతను తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఇదే కావచ్చు, నువ్వులూ కావచ్చు. రెండూ పరీక్ష చేస్తేగాని తెలీదు. మీరు చెప్పకపోతే ఒకటే చూసేదాన్ని" అంది ఆమె. తర్వాత మెల్లగా అడిగింది. "ఆ సకినాలామె ఏదీ?"

"పోయింది."

నర్మద పాపను ఎత్తుకొని కారు వైపు నడిచింది. పాప ఆమె భుజం మీదినుంచి చిలకను ఊపింది. అజీముద్దీన్ చెయ్యి ఎత్తలేకపోయాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

రాజ్‌కుమార్ మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. "చాచా, నువ్వేనా?" అన్నాడు.

"కమలవ్వ ఇల్లు ఏడ?" అన్నాడు అజీముద్దీన్.

"వేములవాడ రోడ్డుమీద దిగాలె. వాళ్ల ఊరి మొగదల్నే వాటర్ ట్యాంకు, దాని పక్కపొంటి ఇల్లు. రేపు ఫోన్ జేసి నేనే రమ్మంట తియ్యి. నువ్వెందుకు పోవుడు?"

"ఫోన్ల చెప్పేది కాదు."

అతను లోపలికి వెళ్లి బుడ్డి మూత విప్పి, పన్నీరంతా బాత్రూములో ఒంపి, మీద రెండు చెంబుల నీళ్లు పోశాడు. బుడ్డిని కడిగి, తుడిచి తెచ్చి తలుపు పక్క బల్ల మీద పెట్టాడు.

"మర్చిపోతున్నవ్ చాచా. మీ బాపు జేసింది గద."

"ఉండనియ్యి. ఇగ నేను నిలవడ" అన్నాడు అజీముద్దీన్. షేర్వానీ మెడ గుండీ విప్పుకొని, జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకొని మెట్లు దిగాడు. గేటు దాటి బస్టాండు వైపు తిరిగాడు.

రాజ్‌కుమార్ బుడ్డిని ఎత్తి చెవి దగ్గర కదిపి చూశాడు. చప్పుడు రాలేదు. మళ్లీ అక్కడే పెట్టాడు. పొట్ట మీది వెండి ఆకుల మధ్య, చిన్న వేళ్లు ముట్టుకున్నచోట, గుడ్డకు అందని ఆకుపచ్చ రంగు రెండు చుక్కలుగా ఎండిపోయి ఉంది.