ఎవరికీ చెప్పకురా

ఆ ఊళ్ళో శాసనసభ్యుడి మనసులో ఏముందో తెలుసుకోవడానికి పత్రికలు చదవక్కర్లేదు, ఆయన కారు డ్రైవరు మొహం చూస్తే చాలు. అంత పనికిమాలిన మొహం అది! కోపమొస్తే చెవులతో సహా ఎర్రబడేది. సంతోషమొస్తే ఆపుకోలేక దగ్గు వచ్చేది. ఇక ఏడుపు సంగతి సరేసరి, కళ్ళకంటే ముందు ముక్కుకి తెలిసిపోయేది. ఓట్ల లెక్కింపు రోజున జనం హాలు గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళు కాదు, కార్లు ఆపేచోట గుమిగూడేవాళ్ళు. డ్రైవరు దగ్గుతూ వచ్చి కారు తుడవడం మొదలుపెట్టాడంటే గెలిచినట్టే. అందుకే అతనికి అద్దం అని పేరు పడింది. పెట్టింది శాసనసభ్యుడే. ఆయన్ని ఊరంతా పెద్దాయన అనేది.

"మా అద్దం దగ్గర నా గుట్టేదీ ఆగదండీ," అని పెద్దాయన నలుగురిలో భుజం తట్టి నవ్వేవాడు. అద్దం కూడా తోడు నవ్వేవాడు, అదేదో పొగడ్త అయినట్టు. వెర్రిబాగులవాడు.

ఆ చలికాలం పెద్దాయన వారం వారం ట్రస్టు ఆసుపత్రికి వెళ్ళడం మొదలుపెట్టాడు. పెద్ద గుమ్మం దగ్గర ఆపనిచ్చేవాడు కాదు. పక్క గుమ్మం దగ్గర, పైన క్యాన్సర్ వార్డు అని బోర్డు ఉన్నచోట ఆపమనేవాడు. శాలువా తలమీదుగా కప్పుకుని లోపలికి వెళ్ళి, చాలాసేపటికి వచ్చి వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఒకసారి చొక్కా చెయ్యి మడిచి ఉంది. మోచేతి మడతలో దూది, దానిమీద ప్లాస్టరు. అద్దం గుండె జారిపోయింది.

అడగక్కర్లేకుండా పెద్దాయనే అన్నాడు. "ఏరా, ఎవరికీ చెప్పకురా."

"ఏంటయ్యా?"

"ఇంక ఎక్కువ కాలం లేదంటున్నార్రా. ఇంట్లో కూడా చెప్పలేదు. పదవికి రాజీనామా చేసేస్తాను. నీ దగ్గర దాచలేక చెప్తున్నాను, ఎవరికీ చెప్పకు."

అద్దం కారు రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు. ఆ ఇంటి పెళ్ళికి కారు తుడిచినవాడు, చావుకి కారు తుడిచినవాడు, ఆయన కూతుర్ని బడికి దింపి బడినుంచి తెచ్చినవాడు. స్టీరింగు మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెనకనుంచి పెద్దాయన చెయ్యి చాపి వీపు నిమిరాడు. ఆ చెయ్యి వెచ్చదనం అద్దానికి చాలా రోజులు గుర్తుంది.

రాజీనామా పత్రికల్లో వచ్చింది. 'వ్యక్తిగత కారణాలు' అని మాత్రమే రాశారు. ఖాళీ అయిన స్థానానికి ఉపఎన్నిక ప్రకటించారు, పార్టీ పెద్దాయన కూతుర్నే నిలబెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. ఎదురు నిలబడిందెవరో తెలిశాకే అద్దం నెత్తిన పిడుగు పడింది. ఆమె మరెవరో కాదు, అతని సొంత మరదలు. భార్యకి తోడబుట్టిన చెల్లెలు.

ఆ మరదలు అదే ట్రస్టు ఆసుపత్రిలో, అదే క్యాన్సర్ వార్డులో నర్సు. డబ్బులేనివాళ్ళకి ఉచితంగా మంచం ఇచ్చే వార్డు ఆ చుట్టుపక్కల అదొక్కటే. ట్రస్టువాళ్ళు ఆసుపత్రిని ఒక కంపెనీకి అమ్మేస్తారని గుసగుసలు మొదలయ్యాయి. అమ్మాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి, ప్రభుత్వం ఒప్పుకోకుండా ఉండాలంటే సభలో లేచి గొంతెత్తేవాళ్ళు ఉండాలి. పెద్దాయన చుట్టూ తిరిగి తిరిగి, ఆయన 'చూద్దాం, చూద్దాం' అనే మాట విని విని, మరదలు విసిగిపోయి సెలవు పెట్టి తానే నిలబడింది. పార్టీ లేదు, జెండా లేదు. వార్డులో బాగుపడి ఇళ్ళకి వెళ్ళినవాళ్ళూ, బాగుపడనివాళ్ళ తాలూకువాళ్ళూ, వాళ్ళే ఆమె సైన్యం. మొదటి వారం చూసినవాళ్ళంతా ఈ పిల్ల గెలిచేలా ఉందే అన్నారు.

ఇంట్లో అద్దం భార్య కత్తిపీట ముందు కూర్చుని నిప్పులు కురిపించింది. "నా చెల్లెలు ఇల్లిల్లూ తిరుగుతుంటే మీరు వాళ్ళ కారు తోలతారా? సిగ్గుగా లేదూ?"

"ఉద్యోగమే అది. ఏం చెయ్యమంటావు?"

"కారు తోలండి, కాదన్లేదు. ఓటు మాత్రం దానికెయ్యండి. మాటివ్వండి."

అద్దం మాటివ్వలేదు. పళ్ళెంలో అన్నం కెలికి లేచిపోయాడు. ఆవిడ వంకాయ ముక్క చేత్తో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఇక ఊరు ఊరుకుంటుందా? టీ బడ్డీవాడు గ్లాసు అందిస్తూ అడిగాడు. "ఏం అద్దం, నిక్షేపంలాంటి పదవి, పెద్దాయన ఎందుకు వదిలేశాడు?"

"నాకేం తెలుసు?" అన్నాడు అద్దం. అనడం అన్నాడు గానీ ముక్కు ఎర్రబడింది, కళ్ళు నిండాయి. మంగలి షాపులోనూ అంతే. గడ్డానికి నురగ పూసి మంగలి అదే ప్రశ్న వేశాడు, కారిన కన్నీళ్ళకి నురగ మీద చారలు పడ్డాయి. అద్దం ఒక్కమాట చెప్పలేదండీ! ప్రాణం పోయినా చెప్పేవాడు కాదు. కానీ కారుని ఆసుపత్రి పక్క గుమ్మం దగ్గర చూసినవాళ్ళు ఉన్నారు, ఇప్పుడు ఈ మొహం చూశారు. రెండూ కలిపి చదువుకోవడానికి ఎంతసేపు? ఊరు ఊరంతా అయ్యో పాపం అంది. చివరి కోరికగా కూతుర్ని నిలబెట్టుకున్నాడు, పోయేవాడి మాట కాదంటామా అంది. మరదలి వెనక తిరిగినవాళ్ళే ఆమె మొహం చూడలేక తలుపులు దగ్గరగా వేసుకున్నారు.

ఒకరోజు పొద్దున్నే అద్దం కారు కడుగుతుంటే మరదలు వచ్చింది. చెప్పులు అరిగిపోయి ఉన్నాయి, ఎండకి మొహం కమిలిపోయింది.

"బావా, ఒక్కమాట. పెద్దాయనకి ఒంట్లో బాగాలేదని నీకెవరు చెప్పారు?"

"నేను ఎవరితోనూ ఏమీ అన్లేదమ్మాయ్."

"అన్లేదు, తెలుసు. నీకెవరు చెప్పారు అంటున్నాను."

అద్దం తల వంచుకుని టైరు మీద నీళ్ళు పోశాడు. "ఆయనే."

మరదలు నోరు తెరిచింది. పెదవులు ఏదో మాటకి సిద్ధమై ఆగిపోయాయి. కొంగుతో నుదురు తుడుచుకుని, "సరేలే బావా," అని వెళ్ళిపోయింది. ఓడిపోతున్నానని బెంగ కాబోలు అనుకున్నాడు అద్దం. మనిషికి ఎంత జాలి ముంచుకొస్తే అంత గుడ్డితనం కూడా వస్తుంది కాబోలు, ఆమె మొహంలో ఏముందో ఆ మొహాల మనిషికి తెలియలేదు.

పోలింగు రోజు గదిలో అట్ట మరుగున నిలబడి అతను చాలాసేపు కదల్లేదు. ఒకపక్క భార్య చేతిలో వంకాయ ముక్క, ఒకపక్క వెనక సీట్లో మూసిన కళ్ళు, మోచేతిమీద ప్లాస్టరు. చచ్చిపోయే మనిషిని మోసం చెయ్యలేననుకున్నాడు. పెద్దాయన కూతురి గుర్తుకే వేసి, ఎవరినీ చూడకుండా బయటికొచ్చాడు.

కొద్ది తేడాతో కూతురు గెలిచింది. అద్దం దగ్గుతూ వచ్చి కారు తుడిచాడు. కానీ ఆ రోజు కారు పక్కన ఎవరూ ఈలలు వెయ్యలేదు. అతని భార్య వారం దాకా అతనికి ఎదురుపడి అన్నం పెట్టలేదు, గిన్నె మూతపెట్టి వెళ్ళిపోయేది.

ఎండలు ముదిరేసరికి ఆసుపత్రి అమ్ముడుపోయింది. సభలో ఒక్కరూ నోరెత్తలేదు. కంపెనీ కొత్త చైర్మన్ పేరు ప్రకటించారు. ఇంకెవరు? పెద్దాయనే. సభ్యుడిగా ఉండగా ఆ కుర్చీ ఎక్కితే గొడవవుతుంది, అందుకే దిగిపోయాడు. అద్దం ఆ వార్త విని కూడా ఆయన్ని వెనకేసుకొచ్చాడు, చూడండి ఎంత పిచ్చి మాలోకమో! జబ్బు తగ్గిందేమో, దేవుడు చల్లగా చూశాడేమో అని భార్యతో అన్నాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

కొత్త ఆసుపత్రి ప్రారంభోత్సవం రోజు పొద్దున కారు లోపల దులుపుతుంటే వెనక సీటు సంచి అడుగున చెయ్యికి ఏదో తగిలింది. తీసి చూశాడు. ప్లాస్టరు చుట్ట, చిన్న దూది ఉండ, అట్టపెట్టెతో సహా. మందుల షాపు చీటీ ఇంకా దానికే అంటుకుని ఉంది. వార్డులో వేసే ప్లాస్టరు ఇంటికి చుట్టగా ఇవ్వరు కదా అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచనని తొక్కేసి, ఆ చుట్టని జేబులో వేసుకుని కారు తీశాడు.

వెనక పెద్దాయన, పక్కన కంపెనీ తాలూకు పెద్దమనిషి. ఇద్దరూ మంచి హుషారుగా ఉన్నారు.

"అంత చప్పగా ప్రచారం చేశారు, ఎలా నెగ్గించారండీ అమ్మాయిని?" అన్నాడు పెద్దమనిషి.

పెద్దాయన గట్టిగా నవ్వాడు. "ముందు కూర్చున్నాడు చూశారా? వాడే మా ప్రచారం. మా అద్దం ఒక్కసారి ఏడిస్తే వంద సభలు పెట్టినట్టు."

అద్దం కారు వేగం తగ్గించాడు. ఎదుటి అద్దంలోకి చూశాడు. పెద్దాయన కళ్ళు తళతళా మెరుస్తున్నాయి, ఆ కళ్ళల్లో జబ్బు ఛాయే లేదు, ఎప్పుడూ ఉన్నట్టు లేదు.

"అయ్యా, మరి... జబ్బు?"

"ఏరా, తగ్గకూడదా ఏంటి?" అని మళ్ళీ నవ్వి, అతని మొహం చూసి కాస్త గొంతు తగ్గించాడు పెద్దాయన. "నిన్ను అబద్ధం చెప్పమన్నానట్రా? ఎవరికీ చెప్పకనే కదా అన్నాను!"

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. కూతుర్ని బడికి దింపిన చేతులు, ఏడ్చిన కళ్ళు, వీపు నిమిరిన చెయ్యి, అన్నీ కలిపి వాడుకున్నాడు. అద్దం కారుని ఆసుపత్రి పక్క గుమ్మం దగ్గరే ఆపాడు. జేబులోంచి ప్లాస్టరు చుట్ట తీసి పక్క సీటు మీద పెట్టాడు, దాని పక్కన తాళంచెవి పెట్టాడు, దిగిపోయాడు. "ఒరేయ్, ఎక్కడికిరా? పెద్ద గుమ్మం అటుంది!" అని వెనకనుంచి పిలుపు వినిపించింది. వెనక్కి చూడలేదు.

గుమ్మం పైన బోర్డు అప్పటికే దింపేశారు, నాలుగు మేకులు మిగిలాయి. వార్డులో మంచాలు గోడకి చేరేసి ఉన్నాయి. మరదలు ఒక్కతే మందుల అలమారా ఖాళీ చేస్తోంది.

"నీకు తెలుసు," అన్నాడు అద్దం. "ఆయన ఈ వార్డులోకి రాలేదని నీకు తెలుసు."

"తెలుసు బావా. లిఫ్టెక్కి పైకి, ట్రస్టు ఆఫీసుకి వెళ్ళేవాడు."

"మరెందుకు చెప్పలేదే? నలుగురిలో ఒక్కమాట అనుంటే గెలిచేదానివి కదే!"

ఆమె సీసాలు పెట్టెలో సర్దడం ఆపలేదు. "ఇక్కడికి ఎవరొచ్చారో బయట చెప్పకూడదు. రాలేదని కూడా చెప్పకూడదు. ఒకాయన గురించి రాలేదని చెప్పాననుకో, రేపు ఇంకొకరి గురించి అడిగితే నోరు మూసుకుంటాను. అంటే ఆ మనిషి వచ్చినట్టే కదా? ఆ భయానికే సగంమంది వైద్యానికి రారు. ఓటు కోసం వాళ్ళ నోట్లో మట్టి కొట్టనా?"

అద్దం గోడకి ఆనుకున్నాడు. "నేను వెళ్ళి చెప్తాను. టీ బడ్డీ దగ్గర, మంగలి దగ్గర, ఊరంతా తిరిగి చెప్తాను."

"ఏం చెప్తావు బావా? అన్న మాటైతే వెనక్కి తీసుకోవచ్చు. నువ్వు ఏమీ అన్లేదుగా."

అతనికి ఏదో ఒకటి మిగలాలని, ఆమె ముందు ఒక్క ముక్కైనా మిగుల్చుకోవాలని ఆరాటం పుట్టింది. జన్మలో మొదటిసారి మొహాన్ని బిగించి, గొంతు సవరించుకుని, "నా ఓటు మాత్రం నీకే..." అన్నాడు.

మరదలు అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"పోలింగు రోజు వరండా చివర నిలబడి ఉన్నాను బావా. నువ్వు గదిలోంచి బయటికి వస్తుంటే పలకరిద్దామనుకున్నాను. నీ మొహం చూసి ఆగిపోయాను."

ముక్కు ఎర్రబడింది, కళ్ళు నిండాయి. ఈసారి తన మొహం సంగతి అద్దానికే తెలిసిపోయింది.

"ఇలా రా," అంది మరదలు, ఖాళీ అలమారా ఒక చివర పట్టుకుని. "ఒక్కదాన్నే జరపలేకపోతున్నాను. ఆ చివర పట్టు."

అద్దం వెళ్ళి రెండో చివర పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని గుమ్మం దాకా మోశారు. మోసినంతసేపూ అతను మొహం గోడవైపు తిప్పుకునే ఉన్నాడు.